నదికి తిరిగి ఈయవలసిన నీరు

తెలుగున తీరమను మాట సముద్రపుటొడ్డునకును, నది యొడ్డునకును సమముగా చెల్లును. శాసనముల దృష్టిలో మాత్రము ఈ రెండు తీరములకు చాలకాలము సమానమైన మన్నన లభింపలేదు. 1991వ సంవత్సరము ఫిబ్రవరి 19న భారత ప్రభుత్వము సముద్రతీర నియంత్రణ ప్రకటనను వెలువరించి, పోటు మిక్కిలిగా వచ్చు హద్దునుండి 500 మీటర్ల వరకు గల నేలను ప్రత్యేక రక్షణకు లోబరచెను. నగరముల మురుగును శుద్ధిచేయక ఆ తీరమున విడుచుటను నిషేధించి, అప్పటికే సాగుచున్న అలవాటును మూడేండ్లకు మించని గడువులో మాన్పవలెనని ఆదేశించెను. శ్రీకాకుళము మొదలు నెల్లూరు వరకు గల మన కోస్తా అంతయు ఈ నియమమునకు లోబడెను. నదీతీరమునకు అట్టి రక్షణ ఆనాడు లేకపోయెను.

అయినను కెరటములు లేని తీరము కూడ సుకుమారమైనదే. సముద్రములో కలిసిన మురుగును పలుచన చేయుటకు అపారమైన జలరాశి యున్నది. బక్కచిక్కిన నదికి ఆ బలమైనను లేదు. ఈ సత్యమును ఢిల్లీ నగరము యమున యొడ్డున ఎంత ఆలస్యముగా, ఎంత వెల చెల్లించి నేర్చుకొన్నదో చెప్పుటయే ఈ వ్యాసమున నా ఉద్దేశము.

ఢిల్లీలో యమునకు తూర్పుగా లక్ష్మీ నగర్ అను పేట కలదు. పడమటి యొడ్డున ఐ.టి.ఓ. కూడలి దాటిన పిమ్మట వికాస్ మార్గ్ నదిమీదుగా వచ్చి నేరుగా ఈ పేటలోనికి ప్రవేశించును. వరదను ఆపుటకు వేసిన మట్టికట్టను అచ్చటివారు పుశ్తా అందురు. కట్టకు ఆవల నది. ఈవల ఇరుకు సందులు, నాలుగైదంతస్తుల మేడలు, చార్టర్డ్ అకౌంటెంటు పరీక్షలకు చదువు చెప్పు శిక్షణాలయములు, వానికొరకు దూరదేశములనుండి వచ్చిన విద్యార్థులు. 20వ శతాబ్దపు పూర్వార్ధమున ఇచ్చట షకర్‌పూర్, ఖురేజీ, మండావలీ మొదలగు గ్రామములును, వాని పొలములును ఉండెను. నగరము పెరిగినకొలది పొలములు ఇండ్లస్థలములైనవి. ఇండ్లు ముందు లేచినవి; మురుగుగొట్టములు తరువాత వచ్చినవి. తూర్పుతీర చరిత్రలో అనేక విషయములకు ఈ క్రమమే మూలము.

ఇక నది సంగతి. యమున నీటిని ఢిల్లీ చేరకమునుపే పంచుకొనుట నేడు పుట్టిన ఆచారము కాదు. 14వ శతాబ్దమున ఫిరోజ్ షా తుగ్లక్ పడమటి కాలువను త్రవ్వించెను. 19వ శతాబ్దమున ఆంగ్లేయులు దానిని పునరుద్ధరించి, 1830లో తూర్పు కాలువను తెరచిరి. 1874లో ఢిల్లీకి దిగువ ఓఖ్లావద్ద ఆనకట్ట కట్టి ఆగ్రా కాలువకు నీరు మరల్చిరి. 1959లో ఢిల్లీకి ఎగువ వజీరాబాదు బారేజి నిలిచెను. ఈ కట్టడములన్నియు సేద్యమునకు, త్రాగునీటికి అవసరమైనవే. వానిని నిందించుట నా తలంపు కాదు. కాని వాని మొత్తపు ఫలితమేమన, వానకాలము గడచిన పిదప వజీరాబాదును దాటి క్రిందికి వచ్చు స్వచ్ఛజలము దాదాపుగా లేదు. అచ్చటినుండి ఓఖ్లా వరకు దూరము 22 కిలోమీటర్లు. 1,376 కిలోమీటర్ల పొడవుగల నదిలో ఇది నూటికి రెండు వంతులైనను కాదు. అయినను నదిని చెరచు కల్మషములో అధికభాగము ఈ కొద్దిదూరముననే కలియుచున్నది. లక్ష్మీ నగర్ ఈ దూరము నడుమనే యున్నది.

మురుగును ఎంతవరకు శుద్ధిచేసిన చాలునను ప్రశ్నకు మన దేశము నేర్చుకొన్న మొదటి సమాధానము ఇంగ్లండునుండి వచ్చినది. అచ్చట 1898లో ఏర్పడిన రాచరిక సంఘము 1912లో తన యెనిమిదవ నివేదికను సమర్పించెను. నీటిలోని కుళ్ళును సూక్ష్మజీవులు తినివేయుటకు ఎంత ప్రాణవాయువు కావలయునో కొలుచుటయే అందలి పద్ధతి. దీనిని నేటివారు బి.ఓ.డి. అందురు. శుద్ధియైన మురుగునీటిలో ఈ కొలత లీటరునకు 20 మిల్లీగ్రాములకును, తేలియాడు మలినము 30 మిల్లీగ్రాములకును మించరాదని సంఘము సూచించెను. ఈ రెండంకెలు ప్రపంచమంతట వ్యాపించినవి. వాని వెనుకనున్న షరతు మాత్రము అంతగా వ్యాపింపలేదు.

ఆ షరతు ఏమనగా, ఒక వంతు మురుగునకు కనీసము ఎనిమిది వంతుల మంచి నదీజలము తోడుండవలెను. లెక్క సులభము. నదీజలము కొలత 2 అనుకొందము. ఎనిమిది వంతులకు 16. మురుగు వంతునకు 20. మొత్తము 36ను తొమ్మిది వంతులకు పంచగా 4 వచ్చును. 4 దాటనంతవరకు నదికి చెరుపులేదని సంఘము భావించెను. అనగా 20 అను అంకె మురుగు యొక్క గుణము కాదు. నది యొక్క ఔదార్యము. ఆ ఔదార్యము లేనిచోట అంకెకు అర్థము లేదు. మన దేశమున చాలకాలము అమలైన సాధారణ ప్రమాణము 30. స్నానమునకు తగిన నదీజలమున ఈ కొలత 3కు మించరాదని మన నియమములే చెప్పుచున్నవి. పలుచన చేయు నీరు లేనపుడు 30 నుండి 3కు దారి యెక్కడ? నా మాట అంతయు ఈ ఒక్క ప్రశ్నలో ఇమిడియున్నది. సొంత నీరు లేని నదిలో, శుద్ధిచేసి విడిచిన మురుగునీరే నది యగును. కనుక అచ్చట శుద్ధి సామాన్యముగా కాక ఉన్నతస్థాయిలో జరుగవలెను. దూరమున కాక నది చెంతనే జరుగవలెను.

ఈ విద్యకు భారతదేశముతో దగ్గర చుట్టరికము కలదు. గిల్బర్ట్ ఫౌలర్ అను ఆంగ్ల రసాయనవేత్త 1912లో అమెరికాలోని లారెన్సు ప్రయోగశాలను దర్శించి, మురుగులోనికి గాలి ఊదు ప్రయోగములను చూచెను. స్వదేశమునకు మరలి ఆ యోచనను మాంచెస్టరులోని ఆర్డెన్, లాకెట్ అను నిద్దరికి అందించెను. వారు గాలి ఊదిన పిదప అడుగున పేరిన మడ్డిని పారవేయక, దానినే మరల క్రొత్త మురుగులో కలిపి చూచిరి. పెరుగు తోడువేసిన పాలవలె, సూక్ష్మజీవులతో నిండిన ఆ మడ్డి క్రొత్త మురుగును కొద్ది గంటలలో శుద్ధిచేసెను. 1914లో వారు దీనిని లోకమునకు వెల్లడించిరి. 1916లో ఫౌలర్ బెంగుళూరులోని భారత విజ్ఞానసంస్థకు ఆచార్యుడుగా వచ్చెను. ఇట్లు ఈ పద్ధతికి బీజము వేసినవాడే మన దేశమునకు వచ్చి దానిని బోధించినాడు. ఢిల్లీలో 1937లో ఓఖ్లావద్ద మురుగుశుద్ధి కేంద్రము వెలసెను. ఆనాటికి నగరము చిన్నది. నదిలో నీరు ఉండెను. నదియే మిగిలిన పని చేసికొనునను నమ్మకమును ఉండెను.

ఆ నమ్మకము 1955లో భగ్నమయ్యెను. ఆ సంవత్సరము వరదలు తగ్గిన తరువాత యమున తన పాయను మార్చుకొని వజీరాబాదు నీటి పంపులకు దూరముగా జరిగెను. పంపులకు కొంచెము దిగువనే నజఫ్‌గఢ్ కాలువ నగరపు మురుగును తెచ్చి నదిలో కలుపుచుండెను. నవంబరులో ఆ మురుగు వెనుకకు ఎగదన్ని త్రాగునీటి పంపులలోనికి ప్రవేశించెను. జలాధికారులు ప్రమాదమును గుర్తింపకపోలేదు. పటికను, క్లోరినును హెచ్చుగా వాడిరి. అందువలన విషజ్వరము, రక్తగ్రహణి పెచ్చుపెరుగలేదు. కాని డిసెంబరు, జనవరి మాసములలో నగరమంతట పచ్చకామెర్లు చెలరేగెను. విశ్వనాథన్ అను వైద్యుడు 1957లో ప్రకటించిన పరిశీలనలో రోగుల సంఖ్య సుమారు 29,300. గర్భిణులలో మరణములు అధికముగా నుండెను.

క్లోరిను బాక్టీరియాలను చంపెను. ఆ రోగమునకు కారణమైన జీవి మాత్రము తప్పించుకొనెను. అదేమో ఆనాడెవరికిని తెలియదు. 1983లో సోవియట్ శాస్త్రజ్ఞుడు బలయాన్ రోగుల మలమునుండి వడిచిన ద్రవమును తానే త్రాగి, రోగమును తెచ్చుకొని, ఆ క్రొత్త వైరసును కనుగొనెను. దానిని నేడు హెపటైటిస్ ఇ అందురు. 1955 నాటి ఢిల్లీ రోగుల రక్తమును దాచియుంచి దశాబ్దముల తరువాత పరీక్షింపగా, ఆ కామెర్లు అంతవరకు తెలిసిన రెండు జాతుల వైరసులలో దేనివలనను కలిగినవి కావని తేలెను. నీటిని కంటికి తేటగా చేయుట వేరు, నిరపాయముగా చేయుట వేరు అనుటకు ఇంతకు మించిన నిదర్శనము అక్కరలేదు.

ఆ విపత్తునుండి నగరము ఒక పాఠము నేర్చుకొన్నది, ఒక పాఠమును విడిచినది. 1959 నాటి వజీరాబాదు బారేజి త్రాగునీటిని మురుగునుండి వేరుచేసెను. ఎగువ నీరు ఎగువను, దిగువ మురుగు దిగువను నిలిచినవి. ఇది నేర్చుకొన్న పాఠము. కాని దిగువకు పోవు మురుగును శుద్ధిచేయవలెనను పాఠము వెనుకబడెను. బారేజికి ఆవల ఏమి జరిగినను త్రాగువారికి భయము లేకపోయెను. భయము లేనిచోట శ్రద్ధయు సన్నగిల్లెను.

నగరము పెరిగినకొలది పెద్ద కేంద్రములు దూరప్రదేశములలో వెలసినవి. లక్ష్మీ నగర్ ప్రాంతపు మురుగు గొట్టములవెంట పోయి సుమారు ఐదు కిలోమీటర్ల దూరమున నగరపు తూర్పుటంచున ఉన్న కొండ్లీ కేంద్రమును చేరును. అచ్చట శుద్ధియైన నీరు షాదరా కాలువలో పడును. ఆ కాలువ ఓఖ్లాకును దిగువన యమునలో కలియును. ఈ దారిని పాఠకులు ఒకసారి మనస్సున చిత్రించుకొందురుగాక. నదికి ఆనుకొని యున్న పేటలో వాడిన నీరు ఆ పేట ప్రక్కనున్న నదికి ఎన్నడును తిరిగి రాదు. ఎంత చక్కగా శుద్ధిచేసినను అది లక్ష్మీ నగర్ ముందటి యమునను తడుపదు. అచ్చట నదిలో కనిపించునది పై కాలువలు తెచ్చిన నల్లనీరే.

1993లో జపాను ఆర్థిక సహాయముతో యమునా కార్యాచరణ ప్రణాళిక ఆరంభమయ్యెను. 1994లో ఒక దినపత్రికలోని వార్తను ఆధారముగా గొని సుప్రీంకోర్టు తానై యమున విచారణ చేపట్టెను. కేంద్రములు పెరిగినవి, నది బాగుపడలేదు. కారణము నేలక్రింద నుండెను. కొన్ని గొట్టములు పూడిపోయినవి, కొన్ని పేటలకు గొట్టములే లేవు. మురుగు కేంద్రములకు పోక వానకాలువలలో పడి నదిని చేరుచుండెను. కేంద్రములు ఒకచోట, మురుగు మరియొకచోట. పెండ్లివారు ఒక ఊర, పందిరి ఒక ఊర అన్నట్లు పని సాగినది.

ఈ స్థితిలో రెండు చిన్న కేంద్రములు క్రొత్త దారి చూపినవి. లక్ష్మీ నగర్‌కు ఎదురుగా, నదికి పడమటి యొడ్డున, ఢిల్లీ గేటు కాలువయు, సేన్ నర్సింగ్ హోమ్ కాలువయు యమునలో కలియును. వాని ముఖద్వారముల చెంత దినమునకు 2.2 మిలియను గాలనుల, అనగా సుమారు కోటి లీటర్ల, సామర్థ్యముగల కేంద్రమును ఒక్కొక్కటి చొప్పున కట్టిరి. అవి గొట్టమునకై ఎదురుచూడలేదు. కాలువలో ప్రత్యక్షముగా పారు మురుగునే తోడుకొని శుద్ధిచేయుట వాని విశేషము.

వాని పనితీరును స్థూలముగా చెప్పెదను. ఇసుకను, చెత్తను తీసివేసిన పిదప మురుగులో ఇనుపలవణమును, జిగురువంటి మరియొక ద్రవ్యమును కలుపుదురు. సన్నని మలినము ముద్దలుగా గట్టిపడును. పేరిన మడ్డిలో కొంత మరల కలిపినచో ముద్దలు బరువెక్కి, ఏటవాలుగా పేర్చిన పలకల నడుమ త్వరగా దిగిపోవును. అటుపై నీరు కాల్చిన మట్టిగుండ్లతో నిండిన తొట్టిలో క్రిందినుండి పైకి ఎక్కును. అడుగునుండి గాలియు ఊదుదురు. గుండ్లకు అంటుకొని పెరిగిన సూక్ష్మజీవులు మిగిలిన కుళ్ళును తినివేయును. ఆ గుండ్ల పొరయే వడపోతగాను పనిచేయును. పెద్ద చెరువులవంటి తొట్లు అక్కరలేదు గనుక కొద్దిపాటి స్థలము చాలును. ఈ పద్ధతిలో బి.ఓ.డి. 10కి లోబడును. ప్రక్కనే 21వ శతాబ్దపు ఆరంభమున నెలకొన్న 330 మెగావాట్ల ప్రగతి విద్యుత్కేంద్రమునకు కావలసిన నీటిని ఈ కేంద్రముల నుండియే తీసికొనిరి. నదినుండి తోడవలసిన నీరు ఆ మేరకు మిగిలెను. తరువాత ఢిల్లీ గేటు వద్దనే దినమునకు 15 మిలియను గాలనుల పెద్ద కేంద్రమును కట్టిరి. చిన్నది చూపిన దారిని పెద్దది అనుసరించెను.

ఇంతకంటె సూక్ష్మమైన పద్ధతియు ఈలోగా లోకమున వ్యాపించెను. 1989లో యమమోతో అను జపాను శాస్త్రజ్ఞుడును, ఆతని సహచరులును గాలి ఊదు తొట్టిలోనే బోలు నూలుపోగులవంటి పొరలను ముంచి, వానిద్వారా నీటిని పీల్చు విధమును ప్రకటించిరి. ఆ పొరల రంధ్రములు బాక్టీరియాలను దాటనీయవు. 1914 నాటి జీవన్మడ్డి విద్యయు, వడపోతయు ఒకే తొట్టిలో చేరినవి. తావు లేని పట్టణములకు, సుకుమారమైన తీరములకు ఇది మిక్కిలి అనుకూలమైనది. లక్ష్మీ నగర్‌కు దక్షిణముగా, అక్షరధామము సమీపమున, 2010 నాటి కామన్వెల్తు క్రీడలకు కట్టిన క్రీడాకారుల నివాసమునకు దినమునకు ఒక మిలియను గాలనుల ప్రత్యేక శుద్ధికేంద్రము ఏర్పడెను. ఒక్క నివాససముదాయమునకు దాని సొంత కేంద్రము నది చెంతనే యుండవచ్చునని తూర్పుతీరమున ఇది రుజువు చేసినది.

ఇచ్చట న్యాయముగా ప్రతివాదమును కూడ వినవలెను. ఢిల్లీ దినమునకు పుట్టించు మురుగు 700 మిలియను గాలనులకు పైబడినది, అందు 2.2 అనగా మూడువందలలో ఒక వంతైనను కాదు. చిన్న కేంద్రమునకు లీటరునకు అగు ఖర్చు పెద్దదానికంటె ఎక్కువ. విద్యుత్తు ఆగినచో సూక్ష్మజీవులు ఊపిరాడక చచ్చును. రసాయనముతో పేరిన మడ్డి అధికము. దానిని ఎక్కడికో తరలింపవలెను. ఒక పెద్ద కేంద్రమునకు నిపుణులు నలుగురు చాలుదురు. నూరు చిన్నవానికి నూర్గురు కావలయును. ఇవి త్రోసిపుచ్చదగిన మాటలు కావు. అందుకే పెద్దవానిని మూసివేయుమని నేను చెప్పుట లేదు. నజఫ్‌గఢ్, అనుబంధ, షాదరా కాలువలవెంట సుమారు 59 కిలోమీటర్ల గొట్టమువేసి మురుగును పట్టి పెద్ద కేంద్రములకు మరల్చు పథకమును ఢిల్లీ చేపట్టినది, అదియు అవసరమే. కాని పెద్ద గొట్టము మురుగును తీసికొనిపోవును. నీటిని తిరిగి తేదు. తిరిగి తెచ్చుట చిన్నవాని పని.

మరియొక అభ్యంతరము నదియే లేవనెత్తును. 1978 సెప్టెంబరులో పాత రైలు వంతెనవద్ద యమున 207.49 మీటర్ల ఎత్తునకు పొంగెను. దానిని మించు వరద రాదని నలుబదియైదేండ్లు అనుకొనిరి. 2023 జూలై 13న నది 208.66 మీటర్లను చేరెను. వజీరాబాదు, చంద్రావల్, ఓఖ్లా త్రాగునీటి కేంద్రములు మునుగుటచే మూతపడెను. ఇంద్రప్రస్థమువద్ద కాలువ తలుపు దెబ్బతినగా, నదిలోనికి పోవలసిన నీరు వెనుకకు తిరిగి ఐ.టి.ఓ. వీథులలో ప్రవేశించెను. 1955లో కాలువ ఎగదన్నెను. 2023లో నదియే ఎగదన్నెను. కాలువ ముఖమున కట్టు కేంద్రము పుశ్తాకు లోపల, ఎత్తైన పీఠముమీద ఉండవలెనే గాని వరదమైదానమున ఉండరాదని దీనివలన తెలియును. 2015 జనవరి 13న జాతీయ హరిత న్యాయస్థానము ఇచ్చిన తీర్పు వరదమైదానమున కట్టడములను నిషేధించి, శుద్ధికేంద్రములను పెంపొందింపుమని ఆదేశించెను. ఈ రెండాదేశములను ఒక్కసారి పాటింపవలెనన్నచో కొద్ది తావున ఇముడు ఉన్నత పద్ధతులు తప్ప వేరు దారి లేదు.

వరదయు మురుగును రెండు వేరు సమస్యలనుకొనుట పొరపాటు. 1908 సెప్టెంబరులో మూసీ హైదరాబాదును ముంచిన పిదప నిజాము ప్రభుత్వము విశ్వేశ్వరయ్యగారిని రావించెను. ఆయన వరదను ఆపు జలాశయములతోబాటు నగరమునకు మురుగుపారుదల పథకమును కూడ రచించెను. నీరు ఏ రూపమున వచ్చినను నగరము దానికి దారి చూపవలెనని ఆయన గ్రహించెను. దారి చూపనిచో ఏమగునో లక్ష్మీ నగర్ ఎరుగును. 2010 వానకాలమున యమున పొంగి తగ్గెను. నవంబరు 15 సాయంకాలము లలితా పార్కు సందులో ఐదంతస్తుల మేడ కూలి సుమారు 70 మంది మరణించిరి. అందులో పెక్కుమంది అద్దెకున్న కూలివారు. నేలమాళిగలో నిలిచిన నీరు, బలములేని పునాది అందులకు కారణములుగా చెప్పబడినవి. అక్రమముగా అంతస్తులు పెంచుట మనుష్యుల దోషము. అయినను ఆ నేల నదిదని మరచుటయు దోషమే.

చరిత్ర మనకు చెప్పునది స్వల్పము, కాని స్పష్టము. 1912 నాటి సంఘము నదిని నమ్మి అంకె వేసెను. మనము నదిని తోడివేసి అంకెను మాత్రము నిలుపుకొంటిమి. 1955లో నది మనలను హెచ్చరించెను. మనము త్రాగునీటిని కాపాడుకొని నదిని విడిచితిమి. ఎదుటి యొడ్డున రెండు చిన్న కేంద్రములు పదిలోపు అంకెను సాధించి, కాలువ ముఖముననే మురుగును నీరుగా మార్చవచ్చునని చూపినవి. పుశ్తాకు ఈవల లక్ష్మీ నగర్‌లో లక్షలాదిజనులు దినమును వాడి విడుచు నీరు కలదు. ఆవల నీరు లేని నది కలదు. ఆ రెంటి నడుమనున్న దూరము ఒక మట్టికట్ట వెడల్పు మాత్రమే. ఆ కట్టను దాటి శుభ్రమైన నీరు నదికి చేరిననాడు అచ్చటిది మరల తీరమనిపించుకొనును. అంతవరకు అది ఒడ్డు మాత్రమే.